ఓవరికి లోపల గడియ

జూన్ 4, బుధవారం

నిఘంటువు దిగింది. వెంట రెండు ట్రంకు పెట్టెలు, ఒక మడత మంచం, అట్టపెట్టెలు ఏడు. అట్టపెట్టెలు మోసిన బండి అతను వగరుస్తూ, "ఇటికలా అమ్మా ఇవి?" అన్నాడు.

"మాటలు నాయనా," అంది ఆవిడ.

"అందుకే ఇంత బరువు. మా ఆవిడవీ ఇంతే," అన్నాడు.

ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు. పెట్టెలు ఎక్కడ పెట్టాలో ఆలోచిస్తున్నాను.

ఈవిడ మా ఆయనకి స్వయానా అక్క, నాకు వదిన. నిఘంటువు ఆఫీసులో మాటలకి అర్థాలు రాసీ రాసీ రిటైరైంది. ఎదుటి మనిషి నోరు తెరిస్తే చాలు, ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పి గాని వదలదు. నిఘంటువు అని పేరు పెట్టింది ఆయనే. వాడుతున్నది నేను, అదీ ఇక్కడ మాత్రమే.

ఆఫీసువాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చిందిట. లోకంలో అద్దె ఇళ్ళు లేనట్టు "తమ్ముడుండగా అద్దె ఇల్లేమిటక్కా" అన్నారుట ఈయన. అన్న తర్వాత నాకు చెప్పారు. ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరిదీ అని కూడా చెప్పారు, నాకు తెలియనట్టు. అత్తగారు పోయినప్పుడు పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్ళిపోయిన మనిషి ఈవిడ. ఇప్పుడు ఇల్లు గుర్తొచ్చింది.

మంచం హాల్లో వేశాం.

ఎప్పటిలాగే వంటింటి పక్క ఓవరిలో, బియ్యం పప్పుల మధ్య కూర్చుని రాస్తున్నాను. గడియ వేసుకున్నాను.

జూన్ 5

పంచదార డబ్బాలో గీత పెట్టాను. చూద్దాం.

జూన్ 9

పంచదార గీత కిందికి బాగానే దిగింది.

ఇవాళ మొదటిసారి ఓవరి దగ్గరికి వచ్చింది. నేను పప్పు డబ్బాలు దించి తుడుస్తున్నాను. ఆవిడ గుమ్మం ఇవతలే నిలబడి లోపలికి చూసింది. తర్వాత వంటింటి మూలనున్న పాత ఇనప ఇస్త్రీపెట్టెను రెండు చేతులతో ఈడ్చుకొచ్చి తలుపుకి అడ్డం పెట్టింది. అప్పుడు అడుగు లోపలికి వేసింది.

"తలుపు ఏం చేస్తుంది వదినా, దానికి అడ్డమెందుకు?" అన్నాను.

"మూసుకుంటుంది."

"వంటింట్లో గాలెక్కడిది?"

"దీనికి గాలి అక్కర్లేదు."

అది నిజమే. ఈ తలుపు వాలుగా బిగించారు, వదిలేస్తే దానంతట అదే మూసుకుంటుంది. నేను చెప్పకుండానే ఆవిడకి తెలుసు మరి, పుట్టిన ఇల్లు. అయినా ఇంకొకరి వంటింట్లో వస్తువు అడగకుండా జరపడం నాకు నచ్చలేదు. ఇస్త్రీపెట్టె కింద గచ్చు మీద గీరు పడింది.

"దీన్ని నువ్వేమంటావు?" అని అడిగింది, గది మొత్తం వేలితో చూపిస్తూ.

"ఓవరి."

"మీ పుట్టింట్లో?"

"సామాన్ల గది. ఈ ఇంటికొచ్చాకే ఓవరి. అత్తగారు అనేవారు."

"ఎందుకంటారో ఎప్పుడైనా చెప్పిందా?"

"వంటింటికి ఓరగా ఉంది కదా, అందుకని."

నవ్వింది. జేబురుమాలంత చీటీ ఒకటి తీసి రాసుకుంది. ఏం రాశారని అడిగితే, "పామర నిరుక్తి," అంది. అంటే తెలియనివాళ్ళు తమకు తోచినట్టు అల్లుకునే పుట్టుకట. "తప్పే. కానీ తప్పులు కూడా రాసుకోవాలి. జనం తప్పుల్లోనే ఎక్కువసేపు బతుకుతారు."

జనం అంటే నేనూ, అత్తగారూ.

తర్వాత పాఠం మొదలెట్టింది. సంస్కృతంలో అపవరకం అని ఉందిట. ప్రాకృతం వాళ్ళ నోట్లో నలిగి ఓవరకం అయిందిట. మన దాకా వచ్చేసరికి అరిగి ఓవరి. లోపలి గది అని అర్థం, పురిటి గది అని కూడా రాశారుట. మాటను విప్పి చూస్తే లోపల ఉన్నది కప్పడం, మరుగు పరచడం.

"ఏం మరుగు పరచడం?" అన్నాను.

"అది నిఘంటువులో రాయరు. వస్తువో, మనిషో. ఎవరింట్లో ఏది దాచుకుంటారో వాళ్ళిష్టం."

నాలుగో అరలో ఉప్పు పక్కన చెయ్యి పెట్టి, "ఇక్కడ మిరియాల డబ్బా ఉండేది," అంది. ఇప్పుడు సబ్బులున్నాయి అన్నాను. "వాసన తెలుస్తోంది," అంది. నాకు ఏమీ తెలియలేదు. ఇన్నేళ్ళు ఈ గది తుడుస్తున్నది నేను.

జూన్ 12

పప్పు మాట ఎత్తాను. చాలా మర్యాదగానే అన్నాను. "ఓవరిలో పప్పు అయిపోవస్తోంది వదినా, కాస్త చూసి వాడండి," అన్నాను. రోషమున్న మనిషైతే ఆ పూట అన్నం మానేస్తుంది.

ఆవిడ రాసుకుంది. రాసుకుని చదివి వినిపించింది కూడా.

"ఓవరి. నామవాచకం. సామాన్లు ఉంచుకొను లోపలి గది. వాడుక: ఓవరిలో పప్పు అయిపోవస్తోంది వదినా, కాస్త చూసి వాడండి. వక్త: ఇల్లాలు, నడివయసు."

"నన్నెందుకు రాయడం?"

"ఈ మాట అనే మనుషులు ఇంకెవరూ దొరకడం లేదమ్మాయ్. నువ్వు పోతే ఈ మాట పోతుంది. నిన్ను జాగ్రత్తగా చూసుకోవాలి."

చచ్చిన పురుగును గుండుసూదికి గుచ్చి పెట్టుకున్నట్టుంది. ఆయన పక్కనే కూర్చుని పేపరు చదువుతూ, "మా ఆవిడ డిక్షనరీకెక్కింది," అని మురిసిపోయారు.

అన్నం మాత్రం మానేయలేదు. రెండుసార్లు పప్పు వడ్డించుకుంది.

జూన్ 15

అనుకున్నంతా అయింది.

ఆయనకి ఇవాళ డిపోలో సెలవు. టైంకీపరుకి సెలవొస్తే ఇంట్లోవాళ్ళకి టైము బాగుండదు. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టకుండా తిప్పుతున్నారంటే నేనొప్పుకోని మాటేదో వస్తుంది.

"అక్కకి హాల్లో టీవీ గోల. ఆ చీటీలు పరుచుకోవడానికి చోటు లేదు. ఓవరి ఎలాగూ ఖాళీయేగా."

"ఖాళీయా? బియ్యం, పప్పులు, నూనె డబ్బాలు, సబ్బులు, మీ అమ్మగారి జాడీలు, ఇవన్నీ ఎక్కడ పెడతారు? మీ డిపోలోనా?"

"వంటింట్లో బీరువా చేయిద్దాం. అవతలి గోడకి ఒక కిటికీ కొట్టిస్తే గది బంగారంలా ఉంటుంది. అక్కే అడిగింది, కిటికీ ఉంటే చాలంది."

"ఆవిడ అడిగితే గోడలు పగలగొడతారా? నేను వంటింట్లో రెండో గట్టు అడిగి ఎన్నేళ్ళయింది?"

"ఇది వేరు."

"ఏం వేరు?"

"సామాన్ల కోసం మనిషిని హాల్లో పడుకోబెడతామా? నువ్వు అందులో పడుకోవు, కూర్చోవు. నీకేం పోయింది?"

కూర్చోవు, అన్నారు. ఇన్నేళ్ళ కాపురంలో మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని నేను ఓవరిలోకి వెళ్ళి గడియ వేసుకుంటానని ఆయనకి తెలియదు. ఆ వేళకి డిపోలో బస్సులు లెక్కపెడుతుంటారు. తెలిస్తే ఎందుకని అడుగుతారు. ఊరికే బియ్యం డబ్బా మీద కూర్చుంటాను. ఎవరూ పిలవరు. పిలిచినా లోపలున్నానని తెలియదు కనక మళ్ళీ పిలవరు. అది చెబితే పిచ్చిదంటారు, చెప్పకపోతే సామాన్ల కోసం పోట్లాడే మనిషినవుతాను.

సామాన్ల కోసమే పోట్లాడాను.

ఆడబిడ్డ అర్ధమొగుడని పెద్దలు ఊరికే అనలేదు. ఈ ఇంట్లో ఇప్పుడు ఒకటిన్నర మొగుళ్ళు.

జూన్ 16

పంచదార డబ్బా ఓవరిలోకి మార్చాను.

జూన్ 19

మేస్త్రి వచ్చాడు. కాళ్ళు తుడుచుకోకుండా వచ్చాడు. గోడను వేలి కణుపులతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు, డాక్టరులాగా.

"అడుగున్నర మందం ఉందమ్మా. ఇప్పుడెవరు కడతారు ఇట్టాంటిది. కిటికీ కొట్టాలంటే పైన రాయి వేసుకోవాలి, లేకపోతే నెత్తిన పడుద్ది."

"పడుతుందంటున్నాడుగా. వద్దు," అన్నాను.

"రాయి వేస్తే పడదంటున్నాడుగా. కానివ్వు," అంది ఆవిడ.

"దుమ్ముకి సామాన్లన్నీ పాడైపోతాయి."

"కప్పుకుందాం. మూడు రోజుల పని."

మేస్త్రి నా వైపూ ఆవిడ వైపూ చూశాడు. "మీరిద్దరూ ఒక మాట మీదికి రండమ్మా, అప్పుడు కబురు పెట్టండి. గోడ ఎక్కడికీ పోదు." పోతూ పోతూ తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు. "ఇదేందమ్మా, బయట గొళ్ళెం, లోపల గడియ? గొళ్ళెం తలుపుతో పాటు చేసిందే. గడియ మాత్రం తర్వాత పెట్టారు, చెక్క కొత్తది."

ఆవిడ అప్పటిదాకా గడియ చూడలేదు. తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఇస్త్రీపెట్టె పెడుతుంది కదా, లోపలి వైపు గోడకి ఆనుకుని ఉంటుంది. ఇప్పుడు తలుపు లాగి చూసింది. గడియను ముందుకూ వెనక్కూ జరిపింది. నేను నూనె పెడుతుంటాను, చప్పుడు కాదు.

మేస్త్రి వెళ్ళాక అడిగింది. "ఇదెవరు పెట్టించారు?"

"అత్తగారు. నేను కాపురానికొచ్చిన ఏడాది."

"ఎందుకూ?"

చెప్పకూడదనుకున్నాను. కానీ నాకూ ఆవిడకీ మధ్య ఒక్క విషయంలోనైనా నాది పైచేయి అని తెలియాలి కదా. అందుకని చెప్పాను. నేను కొత్తగా వచ్చినప్పుడు వీధి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే అత్తగారు చూశారు. ఏమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని ఓవరిలోకి తీసుకొచ్చి, "ఏడుపొచ్చినా కోపమొచ్చినా ఇక్కడికి రా. గుమ్మంలో వద్దు," అన్నారు. వారం తిరక్కుండా వడ్రంగిని పిలిచి గడియ పెట్టించారు. లోపల నేనుంటే ఆవిడ కూడా తలుపు తట్టేవారు కాదు. కన్నతల్లి కూడా అంత చూడదు అన్నాను. ఆ మాట ఒత్తి అన్నాను.

నిఘంటువు బయట గొళ్ళెం మీద వేలు పెట్టి చూసింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"నీకు లోపల గడియ. నాకు బయట గొళ్ళెం," అంది.

"అంటే?"

"ఎదురు చెప్పితే ఓవరి. అన్నం పారేస్తే ఓవరి. ఒలికిన చెంచాడు నూనెకి ఓవరి. 'ఓవరి పెడతా జాగ్రత్త' అనేది అమ్మ. ఈ మాటకి అన్ని ఊళ్ళలోనూ ఆ అర్థమే ఉందనుకున్నాను నేను. ఆఫీసులో చేరాక మొదట వెతికింది ఈ మాటే. ఎక్కడా లేదు. ఏ పుస్తకంలోనూ, ఏ ఇంట్లోనూ లేదు. ఒక్క మా ఇంట్లోనే."

"పిల్లల్ని భయపెట్టడానికి ఎవరైనా అంటారు వదినా."

"అనడం కాదమ్మాయ్. పెట్టడం. స్విచ్చి బయటుంది చూడు. నేను లోపల అరిచిన రోజున ఎక్కువసేపు ఉంచేది. అరవకపోతే తొందరగా తీసేది. తొందరగానే నేర్చుకున్నాను."

డబ్బాల వాసనలు ఆవిడకెందుకు తెలుసో అప్పుడర్థమైంది. అర్థమైనట్టు కనపడకుండా సబ్బులు సర్దాను.

"అందుకే కిటికీ," అంది. "ఈ గదిలో పగటి వెలుగు పడటం చూడాలి. చూశాక నన్ను హాల్లో పడుకోమన్నా పడుకుంటాను."

కథలు చెప్పడం ఆవిడ ఉద్యోగం కాదు, నిజమే. అయినా నా గది తీసుకోవడానికి చచ్చిపోయిన మనిషి మీద నింద వెయ్యాలా?

జూన్ 21

ఆయన్ని అడిగాను, షేవింగు చేసుకుంటుంటే.

"అమ్మ అలాంటిది కాదు. అక్క ప్రతిదీ పెద్దది చేస్తుంది. నన్నెప్పుడూ పెట్టలేదు," అన్నారు.

నాకు కావలసిన జవాబు అదే. అద్దంలోంచి నా వైపు చూడకుండా చెప్పారు. సబ్బు నురగ చెవి కింద అలాగే ఉండిపోయింది, తుడుచుకోలేదు. చిన్నప్పుడు ఓవరి బయట నిలబడి వినే వయసేనా మీది, అని అడగబోయి ఊరుకున్నాను.

మేస్త్రికి ఇరవై ఎనిమిదికి కబురు పెట్టారు. నన్ను అడగలేదు.

జూన్ 22

అత్తగారు అలాంటివారు కాదు.

జూన్ 23

పక్కింటి టైలరావిడ జాకెట్టు ఇవ్వడానికి వచ్చింది. "మీ ఆడపడుచు ఎంత చదువుకున్నారండీ, నేను 'కాజా' అంటే అది ఎక్కణ్ణుంచొచ్చిందో చెప్పారు," అంది.

"కుట్టడం రాదు గాని," అన్నాను.

"మీకు దొరికిన అదృష్టం," అంది. మా ఇంట్లో ఎవరూ నన్ను పొగడకపోయినా పరవాలేదు, పక్కింట్లో ఆవిణ్ణి పొగుడుతుంటే వినలేను. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి.

జాడీలు కిందికి దించమన్నారు ఆయన. రేపు చూస్తానన్నాను.

జూన్ 24

దించలేదు.

ఓవరిలోకి వెళ్ళి కూర్చున్నాను గాని కూర్చున్నట్టు లేదు. ఆ గోడనే చూస్తున్నాను. కిటికీ వస్తే అవతలి సందులోంచి వచ్చేపోయేవాళ్ళకి కనపడుతుంది. "అమ్మగారు ఏంటి, బియ్యం డబ్బా మీద కూర్చున్నారు" అంటారు. ఈ ఇంట్లో అన్ని గదులకీ కిటికీలున్నాయి, అన్ని గదుల్లోకీ ఎవరో ఒకరు వస్తారు. నాకని ఒక్క మూల ఉంది. దాన్ని ఆవిడకి వెలుగు చూపించడానికి పగలగొడతారు.

జూన్ 25

ఇవాళ ఉతుకుడు ఎక్కువ. దుప్పట్లు కూడా తీశాను.

ఆవిడ టేపు, సుద్దముక్క పట్టుకుని ఓవరిలోకి వెళ్ళింది, కిటికీ రావలసిన చోట గీతలు గీయడానికి. నేను తడి బట్టల బకెట్టుతో వంటింట్లోంచి వెళ్తున్నాను. ఇస్త్రీపెట్టె దారికి అడ్డంగా ఉంది. కాలితో పక్కకి తోశాను. తలుపు దానంతట అదే మూసుకుంది. గొళ్ళెం పెట్టడం నాకు అలవాటు. స్విచ్చి ఆర్పడం కూడా అలవాటు, లైటు ఊరికే వెలుగుతుంటే ఊరుకోను. మేడ మీదికి వెళ్ళి బట్టలు ఆరేశాను.

ఎండ బాగుంది. దుప్పట్లు ఫెళఫెళలాడుతూ ఆరాయి. మడతపెట్టి తెచ్చాను.

ఆవిడ తలుపు కొట్టలేదు. పిలవలేదు. పిలిస్తే వినపడేది, టైలరావిడ మిషను చప్పుడు కూడా మేడ మీదికి వినపడుతుంది. పిలవకపోవడం ఆవిడ తప్పు.

తలుపు తీసేసరికి బియ్యం డబ్బా మీద కూర్చుని ఉంది, చేతులు ఒళ్ళో పెట్టుకుని. నేను కూర్చునే చోటే. చీరంతా సుద్ద. వెలుగుకి కళ్ళు చిట్లించింది.

"దుప్పట్లు ఆరాయా?" అంది.

ఆరాయన్నాను.

"అమ్మ వంట అయ్యేసరికి తీసేది. ఇంతసేపు ఎప్పుడూ ఉంచలేదు." లేచింది. గోడ పట్టుకుని లేచింది. నన్ను దాటి వెళ్తూ, గొంతు పెంచకుండా అంది. "ఆవిడకి నువ్వు కోడలివి కాదమ్మాయ్. కూతురివి."

నీళ్ళు తాగి హాల్లోకి వెళ్ళింది.

ఎంతసేపైందో తెలియదు. గడియారం చూడలేదు.

జూన్ 26

గాలికి పడి ఉంటుంది.

ఆయనకి చెప్పలేదు. నేనూ చెప్పలేదు, ఆవిడా చెప్పలేదు. రాత్రి అన్నాల దగ్గర "ఉప్పు అందుకో" అన్న మాట తప్ప ఇంకో మాట లేదు. చెప్పకుండా దాచుకుంటోందంటే ఎప్పుడో అవసరానికి తీస్తుంది. చెప్పేస్తే పోయేది. తిట్టేస్తే తిరిగి తిట్టేదాన్ని.

ఆవిడ రోజూ పొద్దున ఒక చీటీ అయినా రాస్తుంది. ఇవాళ రాయలేదు.

జూన్ 27

గాలికి తలుపు పడుతుంది గాని గొళ్ళెం పడదు. కొండీ పైకెత్తి పెట్టాలి.

గొళ్ళెం పెట్టడం అలవాటని రాశాను. అలవాటు నేను లోపలినుంచి బయటికి వచ్చినప్పుడు. మొన్న నేను లోపల లేను.

జూన్ 28

మేస్త్రి సమ్మెట, గునపం వేసుకుని పొద్దున్నే వచ్చాడు. ఆయన డ్యూటీకి వెళ్ళకుండా ఆగారు. నేను జాడీలు దించలేదు, ఇంక ఎవరు దించబోయినా దించనివ్వనని వంటింట్లో నిలబడ్డాను.

"వద్దు బాబూ. కిటికీ వద్దు," అంది ఆవిడ, హాల్లోంచే.

ఆయన తెల్లబోయారు. "అదేంటక్కా, అంత ముచ్చటపడ్డావు."

"ముచ్చట తీరింది. ఆ గది మీ ఆవిడదిరా. మనిద్దరికంటే తనే ఎక్కువ ఉంది అందులో."

"ఉండటమేంటి? అది సామాన్ల గది కదా?"

ఆవిడ చీటీల పెట్టె ముందుకి లాక్కుంది. నేను కాఫీకి పాలు పెట్టాను. మేస్త్రి గునపం భుజానికెత్తుకుని, "నేను ఆనాడే చెప్పా, గోడ ఎక్కడికీ పోదని," అన్నాడు. కాఫీ ఇస్తే తాగి వెళ్ళిపోయాడు.

గోడ నిలిచింది. గది నాది. జాడీలు వాటి చోట అవి ఉన్నాయి.

గెలిచాను.

జూలై 1

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని ఓవరిలోకి వెళ్ళాను. గడియ వేసుకున్నాను. కూర్చున్నాను. లేచి గడియ తీసి, తలుపు తోసి చూశాను. తెరుచుకుంది. మళ్ళీ వేసుకుని కూర్చున్నాను. మళ్ళీ లేచాను. బయట గొళ్ళెం ఎవరూ పెట్టరు. ఇన్నేళ్ళలో ఎవరూ పెట్టలేదు. ఇంట్లో ఉన్నది ఆవిడొక్కతే, ఆవిడ హాల్లో పడుకుని ఉంది, గుర్రు వినపడుతోంది.

మళ్ళీ లేచి చూశాను.

జూలై 2

వెళ్ళలేదు. బీరువాలు తుడిచాను.

జూలై 3

వెళ్ళాను. తలుపు అవతల వంటింట్లో చెప్పుల చప్పుడు వినపడింది. మంచినీళ్ళకి వచ్చింది. కుండ మూత తీసింది, పెట్టింది. ఆ తర్వాత చప్పుడు లేదు. కదలకుండా కూర్చున్నాను. గొళ్ళెం పెడుతుందనుకున్నాను. పెడితే నేనూ పిలవను అనుకున్నాను. ఆవిడ ఎంతసేపు ఉంచితే అంతసేపు ఉంటాను, అక్కడికి చెల్లుకి చెల్లు.

పెట్టలేదు. చెప్పుల చప్పుడు హాల్లోకి వెళ్ళిపోయింది.

ఆవిడ అలా చేసే మనిషి కాదని నాకు తెలుసు. అందుకే ఒళ్ళు మండుతోంది.

అత్తగారు ఈ డబ్బా మీద నన్ను కూర్చోబెట్టి చెంగుతో నా మొహం తుడిచారు. ఆ చెయ్యే కదా. ఆ చేతికి గొళ్ళెం ఎలా పెట్టాలో అప్పటికే తెలుసు. నాకు గడియ ఎందుకు పెట్టించారో ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాను.

జూలై 4

నేనే వెళ్ళి అడిగాను. ఎన్నాళ్ళని ఉప్పు అందుకో, పప్పు అందుకో అని బతకడం?

"మూడో అర్థం రాశారా?" అన్నాను.

చీటీలు సర్దుకుంటోంది. తల ఎత్తలేదు. "దేనికి?"

"ఓవరికి. ఓవరి పెట్టడం అన్నారు కదా."

"రాసి చించేశాను. ఒక్క ఇంట్లో ఒక్క మనిషి వాడిన అర్థాన్ని నిఘంటువులో పెట్టరు. కనీసం ఇద్దరు ఉండాలి."

"ఇద్దరున్నాంగా," అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ అప్పుడు తల ఎత్తింది. కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంది.

"ఇల్లు ఒకటే కదా. లెక్కలోకి రాదు," అంది.

క్షమించానని అనలేదు. నేను అడగనూ లేదు. చీటీలు 'క' నుంచి మొదలెట్టి మళ్ళీ సర్దుకుంది.

జూలై 6, ఆదివారం

పప్పుకి పురుగు పట్టింది. గాలి ఆడకపోతే పట్టదా మరి. వానాకాలం మొదలైతే బియ్యానికీ పడుతుంది. అందుకని పొద్దున్నే వడ్రంగికి కబురు పెట్టాను.

"తలుపు తీసి బాగు చెయ్యాలా అమ్మా?" అన్నాడు.

"తీసెయ్యాలి. మళ్ళీ పెట్టొద్దు."

"మంచి చెక్కమ్మా ఇది. ఇప్పుడు దొరకదు."

"చెక్క నువ్వు తీసుకెళ్ళు."

ఆయన పళ్ళు తోముకుంటూ వచ్చి, "తలుపు లేకుండా ఎలుకలు రావూ?" అన్నారు. వస్తే వస్తాయి అన్నాను. నేను అలా అనడం ఆయన ఎప్పుడూ వినలేదు. నోట్లో బ్రష్షుతో అలాగే నిలబడిపోయారు.

బందులు తుప్పు పట్టి ఉన్నాయి, ఊడదీయడానికి చాలా అవస్థ పడ్డాడు. తలుపు పడుకోబెట్టి ఇద్దరు మోసుకెళ్ళారు, గొళ్ళెం, గడియ రెండూ దానితోనే పోయాయి. వంటింటి వెలుగు తిన్నగా ఓవరిలో బియ్యం డబ్బా మీద పడింది. గోడ మీద ఆవిడ గీసిన సుద్ద గీతలు అలాగే ఉన్నాయి. తడిగుడ్డతో తుడిచాను. పూర్తిగా పోలేదు.

నిఘంటువు వచ్చి చూసింది. దేనికీ ఏ అడ్డమూ పెట్టకుండా లోపలికి వెళ్ళింది. నడి గదిలో నిలబడి నాలుగు వైపులా తిరిగింది. బయటికి వచ్చింది.

"తలుపు తీసేశాక దీన్ని ఓవరి అనరు," అంది.

"మరేమంటారు?"

"ఏమీ అనరు. వంటింట్లో ఒక మూల."

"రాసుకోండి మరి."

"రాసుకోవడానికి ఏముంది అందులో."

మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాను. వెళ్ళడానికి చోటు లేదు. ఇది వంటింటి బల్ల మీద రాస్తున్నాను. ఆవిడ ఎదురుగా కుర్చీ లాక్కుని కాఫీ తాగుతోంది, చప్పుడు చేస్తూ. ఇక రోజూ ఇంతే కాబోలు. ఏం రాస్తున్నావని ఇప్పుడే అడిగింది.

సరుకులు, అన్నాను.

"రాయి, రాయి," అంది. "పంచదార కూడా రాయి. అయిపోయింది."